జీతం ఎగ్గొట్టిన యజమానికి ఏ శిక్ష పడుతుంది? మన డబ్బు మనకెలా వస్తుంది?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర రెండేళ్లు సెక్యూరిటీ గార్డుగా చేశారు. పనిలో పెట్టుకున్నది ఒక ఏజెన్సీ. రోజుకు 12 గంటల డ్యూటీ, వారానికి ఒక సెలవు, నెలకు చేతికి 13,000. మొదట్లో యూనిఫాం, బూట్ల పేరుతో 1,500 కోత పెట్టారు. చివరి రెండు నెలల జీతం ఇవ్వకుండానే గత నెలలో ‘రేపట్నుంచి రావద్దు’ అన్నారు. అడిగితే ‘నలభై ఐదు రోజులు ఆగి రండి’ అంటున్నారు. ‘ఆ ఓనర్ని జైల్లో పెట్టించాలంటే ఏ సెక్షన్ కింద కేసు వేయాలి?’ అన్నది మీ ప్రశ్న.

నేను పంతొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో కార్మికుల తరఫున జీతాల కేసులు వాదిస్తున్నాను. మీ కోపం న్యాయమైనదే. కానీ ఒక విషయం ముందే చెప్పాలి. యజమానికి శిక్ష వేయించే దారి ఒకటి, మీ నాన్నగారి డబ్బు రాబట్టుకునే దారి ఇంకొకటి. అతనికి పడే జరిమానా మామూలుగా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. దాంతో మీ బాకీ తీరదు. ఈ తేడా తెలియక మొదటి దారిలో పడి రెండో దారి గడువు దాటబెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ముందు మీరడిగిన శిక్షల సంగతి చూద్దాం. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్, 2019 అమల్లో ఉంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, బోనస్ చట్టం, సమాన వేతనాల చట్టం ఈ నాలుగూ అందులో కలిసిపోయాయి. శిక్షలు 54వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇవ్వాల్సిన దానికన్నా తక్కువ ఇచ్చిన యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. మొదటి తప్పుకు జైలు లేదు. ఒకసారి శిక్ష పడి, ఐదేళ్లలోపు మళ్లీ అలాంటి తప్పే చేసి దొరికితే అప్పుడు మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కోడ్‌లోని మిగతా నిబంధనలు తప్పితే 20,000 దాకా, ఐదేళ్లలో తిరగబెడితే నెల దాకా జైలు లేదా 40,000 దాకా జరిమానా లేదా రెండూ. రిజిస్టర్లు సరిగ్గా రాయకపోతే 10,000 దాకా. కంపెనీ అయితే కంపెనీతో పాటు అప్పట్లో దాని వ్యవహారాలు నడిపిన వ్యక్తి కూడా ముద్దాయి అవుతాడు, కాబట్టి ‘నేను మేనేజర్ని మాత్రమే’, ‘నేను పేరుకే డైరెక్టర్ని’ అనేవాళ్లు అంత సులువుగా తప్పించుకోలేరు.

పాత కనీస వేతనాల చట్టంలో మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు రాసి ఉండేది. పక్కనే ‘లేదా 500 రూపాయల దాకా జరిమానా’ అని కూడా ఉండేది. ఆ 500 కట్టేసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లిపోయిన యజమానుల్ని నేను కోర్టు వరండాలో చూశాను. ఇప్పుడు జరిమానా వంద రెట్లయింది, మొదటి తప్పుకు జైలు పోయింది. పైగా 56వ సెక్షన్ కింద గరిష్ఠ జరిమానాలో సగం కట్టి రాజీ చేసుకునే వీలుంది. అంటే ఇవ్వాల్సిన దానికన్నా తక్కువ ఇచ్చిన నేరం 25,000తో మాఫీ. ఒక ఏజెన్సీ ముప్పై మంది గార్డులకు రెండేసి నెలల జీతం ఎగ్గొట్టిందనుకోండి. మీ నాన్నగారి జీతం చొప్పున లెక్కేసినా 7,80,000 వాళ్ల దగ్గర మిగులుతుంది. ఆ పక్కన 25,000 ఎంత? ఇది చట్టంలో ఉన్న లోపమనే నా అభిప్రాయం. పేదవాడి రెండు నెలల తిండి లాక్కున్నవాడికి మొదటిసారి కూడా భయం ఉండాలి.

అసలు భయం ఉన్నది 45వ సెక్షన్‌లో. ఇది క్లెయిమ్ దారి, అంటే రావాల్సిన డబ్బు ఇప్పించమని అడిగే దారి. కార్మికుడు స్వయంగా గానీ, అతను సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ గానీ, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ గానీ దరఖాస్తు పెట్టవచ్చు. ఒకే సంస్థలో ఎంతమంది బాధితులున్నా ఒకే దరఖాస్తు చాలు. విచారించేది గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారి. రావాల్సిన డబ్బు ఇప్పించడంతో పాటు, దాని మీద పది రెట్ల దాకా పరిహారం కూడా వేసే అధికారం ఆయనకుంది. పదికి పది రెట్లూ వేసిన ఉత్తర్వులు అరుదు, ఆశపడొద్దు. కానీ ఆ సంఖ్య చట్టంలో ఉన్నందుకే యజమాని లాయరు రెండో వాయిదాకే ‘సెటిల్ చేసుకుందామా’ అని అడుగుతాడు. నేరం కేసులో గరిష్ఠం ఎంతో యజమానికి ముందే తెలుసు. క్లెయిమ్‌లో ఎంత పడుతుందో తెలియదు. వాళ్లకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఇప్పుడు మీ లెక్క దగ్గరికి వద్దాం. బాకీ 26,000 అని రాశారు. అది తప్పు లెక్క. కనీస వేతనం ఎనిమిది గంటల పనికి. ఆ పైన చేసిన ప్రతి గంటకూ రెట్టింపు రేటు ఇవ్వాలని కోడ్ 14వ సెక్షన్ చెబుతోంది. సెక్యూరిటీ గార్డుల కేటగిరీకి, మీ జోన్‌కు వర్తించే కనీస వేతనాల జీవోలో బేసిక్, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపి ఎంతో చూడండి. వీడీఏ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది కాబట్టి ఏ నెలకు ఆ నెల రేటు తీసుకోవాలి. లెక్క అర్థం కావడానికి రోజుకు 500 అనుకుందాం. గంటకు 62 రూపాయల 50 పైసలు. అదనంగా చేసిన నాలుగు గంటలకు రెట్టింపు చొప్పున ఇంకో 500. అంటే 12 గంటల డ్యూటీ చేసిన రోజుకు 1,000. నెలకు 26 డ్యూటీలకు 26,000. ఇచ్చింది 13,000. రెండేళ్లకు రావాల్సింది 6,24,000, అందులో 22 నెలలకు అందింది 2,86,000. మిగిలింది 3,38,000. యూనిఫాం కోత దీనికి అదనం. జీవో రేటు వేసి ఈ లెక్క మళ్లీ కట్టండి, అంకె మారుతుంది. మారినా 26,000 దగ్గర మాత్రం ఆగదు.

కోడ్ కింద క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. కానీ 2025 నవంబర్ 21కి ముందు నెలల విషయంలో అవతలి లాయరు పాత చట్టాల గడువులు ఎత్తుతాడు. కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలు, వేతనాల చెల్లింపు చట్టంలో పన్నెండు నెలలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆ చట్టాల్లోనూ ఉంది, ఆ వాదన మేం చేస్తాం. అయినా ప్రతి నెల జాప్యం అవతలివాడి చేతికి ఒక ఆయుధమే. ‘నలభై ఐదు రోజులు ఆగండి’ అన్న మాటను అసలు పట్టించుకోవద్దు. తీసేసినా, మానేసినా, సంస్థ మూతపడినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని 17వ సెక్షన్‌లో ఉంది. నెల జీతమైతే తర్వాతి నెల ఏడో తేదీ దాటకూడదు. నలభై ఐదు రోజులన్నది వాళ్లు పెట్టుకున్న అలవాటు, చట్టం కాదు.

యూనిఫాం కోత గురించి. జీతంలోంచి ఏమేం కోయవచ్చో 18వ సెక్షన్‌లో జాబితా ఉంది. డ్యూటీకి రాని రోజులు, అడ్వాన్సులు, పీఎఫ్, ఆదాయపు పన్ను, జరిమానాలు, ఇలాంటివి. అందులో యూనిఫాం లేదు. జాబితాలో ఉన్నవన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు. డ్యూటీలో కునుకు తీశాడని, టోపీ పెట్టుకోలేదని ఏజెన్సీలు వేసే ఫైన్లకు కూడా నెల జీతంలో 3 శాతమే హద్దు. అదీ ముందే నోటీసు బోర్డు మీద పెట్టిన తప్పులకే, గార్డు చెప్పుకునేది విన్నాకే, రిజిస్టర్‌లో రాసి మరీ వేయాలి. ఒక్క రాత్రి కునుక్కి మూడు రోజుల జీతం కోసేవాళ్లున్నారు. అది దోపిడీ, దానికి ఇంకో పేరు లేదు.

‘మా దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, జీతం స్లిప్పులు లేవు, మా మాట ఎవరు నమ్ముతారు?’ అని కూడా రాశారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇదే మాట అంటారు. కోడ్ 59వ సెక్షన్ ప్రకారం జీతం ఇవ్వలేదనో, తక్కువ ఇచ్చారనో, కోత పెట్టారనో క్లెయిమ్ వేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. మస్టరు (హాజరు పట్టీ), వేతనాల రిజిస్టరు నిర్వహించాల్సింది, స్లిప్పులు ఇవ్వాల్సింది వాళ్లు. అవి లేకపోతే నష్టం వాళ్లది.

అలాగని వట్టి చేతులతో వెళ్లొద్దు. మీ నాన్నగారు అక్కడ పనిచేశారని మాత్రం మీరు చూపించాలి. కొన్నేళ్ల కిందట నైట్ డ్యూటీ చేసే ఒక గార్డు నా దగ్గరికొచ్చాడు. చేతిసంచిలో గోడ క్యాలెండర్ కాగితాలు మడతలు పెట్టి తెచ్చాడు. ప్రతి తేదీ గడిలో మూలన పెన్సిల్‌తో చిన్న ‘న’ అనో ‘ప’ అనో రాసుంది. న అంటే నైట్, ప అంటే పగలు. అదే గడిలో కింద ఆయన భార్య వేసుకున్న పాల లెక్క, అర లీటరు, లీటరు అని. నూనె మరకలు, అగ్గిపుల్లతో పొడిచిన చిల్లులు కూడా ఉన్నాయి. అవతలి లాయరు ‘ఇదేం సాక్ష్యమండీ’ అన్నాడు. అధికారి ఆ కాగితాలు పక్కన పెట్టుకుని ‘సరే, మీ మస్టరు ఇవ్వండి’ అన్నారు. తెచ్చిన మస్టరులో పదకొండు నెలల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉన్నాయి. గార్డు సెలవు పెట్టి తిరుపతి వెళ్లిన మూడు రోజులకూ హాజరు పడి ఉంది. క్యాలెండర్‌లో ఆ మూడు గడుల్లో పాల లెక్క కూడా లేదు. ఆ తర్వాత మస్టరు గురించి అవతలివాళ్లు పెద్దగా మాట్లాడలేదు.

కాబట్టి మీ ఇంట్లో ఏముందో వెతకండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏజెన్సీ పేరుతో పడ్డ ఎంట్రీలు, ఐడీ కార్డు, యూనిఫాంలో దిగిన ఫొటో, డ్యూటీలు వేసిన వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు, సూపర్‌వైజర్‌తో మాట్లాడిన కాల్స్ వివరాలు. అన్నిటికన్నా గట్టిది ఆసుపత్రి గేటు రిజిస్టరు. వచ్చే పోయే బండ్ల నంబర్లు మీ నాన్నగారి చేతిరాతతో అందులో ఉంటాయి. అది ఆసుపత్రి దగ్గరుంటుంది. దాన్ని తెప్పించమని క్లెయిమ్‌లోనే ఒక పిటిషన్ వేయవచ్చు.

ఆసుపత్రి అన్నాను కదా, దాన్ని కూడా క్లెయిమ్‌లో ప్రతివాదిగా పెట్టండి. ఏజెన్సీ జీతం ఇవ్వకపోతే, ఆ పని ఎవరి సంస్థలో జరిగిందో వాళ్లు ఆ డబ్బుకు బాధ్యులవుతారని 43వ సెక్షన్ చెబుతోంది. ‘మేం ఏజెన్సీకి బిల్లు కట్టేశాం’ అన్నది వాళ్లిద్దరి మధ్య గొడవ. ఏజెన్సీ బోర్డు తిప్పేసి రేపు ఇంకో పేరుతో తెరవగలదు, ఆసుపత్రి భవనం ఎక్కడికీ పోదు. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోని క్లెయిమ్‌లు గెలిచి కూడా కాగితాలుగా మిగిలిపోయాయి.

ఇక జైలు మాట. మీ నాన్నగారి జీతంలో పీఎఫ్ పేరుతో కోత ఉందేమో చూడండి. ఉంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవండి. కోసిన డబ్బు అక్కడ జమ కాకపోతే అది వేరే స్థాయి నేరం. పాత పీఎఫ్ చట్టంలోనూ కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు ఉంది. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ దాన్ని నమ్మకద్రోహంగానే చూస్తుంది. పీఎఫ్ ఆఫీసు ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి, నంబరు దాచుకోండి. జీతం ఎగ్గొడితే మొదటిసారి జైలు లేకపోవడం, పీఎఫ్ కోసి దాచుకుంటే ఏడాదికి తగ్గని జైలు రాసి ఉండడం, ఈ తేడా ఏజెన్సీల అకౌంటెంట్లకు బాగా తెలుసు. పీఎఫ్ ఫిర్యాదు నంబరు చూపించగానే జీతం సంగతి కదలడం ఎన్నోసార్లు చూశాను.

సెక్యూరిటీ ఏజెన్సీలకు ఇంకో పట్టు ఉంది, చాలామంది లాయర్లు కూడా దీన్ని వాడరు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 కింద వాళ్లకు లైసెన్సు ఉండాలి. ఆ చట్టం షెడ్యూల్‌లో వేతనాల చెల్లింపు, కనీస వేతనాలు, పీఎఫ్ చట్టాల పేర్లున్నాయి. వాటిని ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు చేసే అధికారం రాష్ట్ర కంట్రోలింగ్ అథారిటీకి ఉంది. క్లెయిమ్‌లో మీకు అనుకూలంగా ఉత్తర్వు వచ్చాక దాని నకలు జతచేసి అక్కడికో ఫిర్యాదు పంపండి. 50,000 జరిమానా కట్టి దులుపుకునేవాడు లైసెన్సు పోతుందంటే కుర్చీలోంచి లేస్తాడు.

సెటిల్‌మెంటుకు పిలుస్తారు, అప్పుడు జాగ్రత్త. రెవెన్యూ స్టాంపు అంటించిన తెల్ల కాగితం మీద గానీ, ‘నాకు ఏమీ బాకీ లేదు’ అన్న కాగితం మీద గానీ సంతకం పెట్టనివ్వకండి. ఇప్పటికే పెట్టేసినా కంగారు వద్దు. కోడ్ కింద రావాల్సిన డబ్బును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదని 60వ సెక్షన్ అంటోంది. చెక్కు ఇస్తే తీసుకోండి, కానీ అది ఖాతాలో పడేదాకా క్లెయిమ్ వెనక్కి తీసుకోవద్దు. చెక్కు బౌన్సయితే ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాతి నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. అందులో రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉన్నాయి.

ఉత్తర్వు వచ్చినా కట్టకపోతే అధికారి కలెక్టరుకు రికవరీ సర్టిఫికెట్ పంపుతారు, భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. నిజానికి ఆ ఫైలు తహసీల్దారు ఆఫీసులో ఎన్ని నెలలు పడుంటుందో చెప్పలేం. అందుకే సర్టిఫికెట్ వెంట ఏజెన్సీ బ్యాంకు ఖాతా నంబరు, ఆఫీసు అడ్రసు, ఓనరు పేరున ఉన్న బండ్ల నంబర్లు, తెలిస్తే ఇంటి వివరాలు రాసివ్వండి. వెతికి పెట్టే పని మనమే చేస్తే ఫైలు కదులుతుంది. మీ నాన్నగారి పాస్‌బుక్‌లో జీతం ఏ ఖాతా నుంచి వచ్చిందో ఉంటుంది, అది ఇప్పుడే రాసి పెట్టుకోండి.

కింద కామెంట్లలో ఎవరో మీకు పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని, ఇంకొకరు ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లమని రాశారు. మామూలు జీతం బాకీకి స్టేషన్‌లో ‘లేబర్ ఆఫీసుకెళ్లండి’ అంటారు, వాళ్లన్నది నిజమే. ఎన్‌సీఎల్‌టీ సంగతి చూస్తే, 2020 మార్చి నుంచి దివాలా దరఖాస్తుకు కనీస బాకీ కోటి రూపాయలు ఉండాలి. అది మీ దారి కాదు. తాను ఐటీలో పనిచేస్తున్నానని, ఈ చట్టం తనకూ వర్తిస్తుందా అని కామెంట్లలో అడిగిన తమ్ముడికి ఒక్క మాట. పాత వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 లోపు జీతగాళ్లకే ఉండేది. కొత్త కోడ్‌లో ఆ హద్దు లేదు, మేనేజర్ స్థాయివాళ్లు కూడా ఉద్యోగులే. నీ ఫుల్ అండ్ ఫైనల్ (ఉద్యోగం మానేశాక రావాల్సిన చివరి లెక్క) బాకీకి కూడా 45వ సెక్షన్ దారే.

మీరు మొదట వెళ్లాల్సింది ఆసుపత్రి ఉన్న ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి. అడ్రసు తెలియకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని కార్మిక శాఖ కమిషనరేట్‌లో చెబుతారు. రాతపూర్వకంగా రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద రసీదు ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పి రావద్దు. ఆ ఆఫీసరు ఏజెన్సీని పిలిపించి మాట్లాడతారు, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. రెండు వాయిదాలకు ఏజెన్సీ రాకపోతే మూడోదాని కోసం ఎదురుచూడకుండా 45వ సెక్షన్ క్లెయిమ్ ఎవరి ముందు వేయాలో అడిగి, అక్కడ దాఖలు చేయండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి లేదా 15100కు ఫోన్ చేయండి. కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

ఇంకొకటి. మీ నాన్నగారితో పాటు అక్కడ ఇంకా ఎంతమంది గార్డులు పనిచేశారు, వాళ్లలో జీతం రానివాళ్లు ఎందరు? వాళ్ల ఫోన్ నంబర్లు మీ నాన్నగారి దగ్గర ఉంటాయి. అందరినీ ఒకే దరఖాస్తులో చేర్చండి. ఉద్యోగం పోతుందని భయపడి ఇంకా అక్కడే ఉన్నవాళ్లు ముందుకు రాకపోతే బలవంతపెట్టొద్దు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వెళ్లినప్పుడు వాళ్ల జీతాల రిజిస్టరు కూడా చూడమని మీ ఫిర్యాదులో ఒక వాక్యం రాస్తే చాలు. జీవో రేటు పెట్టి లెక్క కట్టాక ఇక్కడే కింద పెట్టండి. తప్పులుంటే దిద్దుతాను.